రాతి గోడకూ చెక్కకూ నడుమ సందులు: చలిగాలి చొరబడకుండా మూసే పద్ధతి

రాతి గోడలో నిలిపిన ద్వారబంధం పక్కన చెయ్యి పెడితే సన్నగా చలిగాలి తగులుతుంది. అక్కడ సిమెంటు పూస్తారు. ఏడాది తిరిగేసరికి పూత అంచున వెంట్రుకంత గీత పడుతుంది. మరుసటి ఏడాదికి అది గోరు దూరేంత నెర్రె అవుతుంది. మళ్లీ పూస్తారు, మళ్లీ విడుతుంది. తప్పు పూసిన చేతిది కాదు, పూసిన సరుకుది. రాయి ఉన్నచోటే ఉంటుంది, చెక్క అలా ఉండదు. గాలిలో తేమ పెరిగితే ఉబ్బుతుంది, తగ్గితే ముడుచుకుంటుంది. ఆ కదలికకు చోటిచ్చే మెత్తటి సరుకుతో సందు నింపాలి. గోడలోని తేమ బయటికి పోయే దారిని మూయకూడదు. కింద చెప్పే పనులన్నింటికీ ఈ రెండే ఆధారం.

చెక్క ఎటు కదులుతుంది?

చెక్క పొడవు దాదాపు మారదు. మార్పంతా అడ్డంగానే. అందులోనూ చెట్టు వలయాల వెంట వచ్చే మార్పు, వలయాలకు అడ్డంగా వచ్చే మార్పుకు ఇంచుమించు రెట్టింపు ఉంటుంది. 200 మిల్లీమీటర్ల వెడల్పున్న పలకలో తేమ 5 శాతం మారితే వెడల్పులో 2–3 మిల్లీమీటర్ల తేడా రావచ్చు. అందుకే దూలానికి రెండు పక్కలా, ద్వారబంధం నిలువు కమ్మీల వెంట సందులు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి.

పని ఏ కాలంలో చేయాలన్నది కూడా దీన్నిబట్టే తేలుతుంది. చెక్క బాగా ఎండినప్పుడు సందు అత్యంత వెడల్పుగా ఉంటుంది. అప్పుడు మెత్తటి సరుకు నింపితే తర్వాత అది నొక్కుకుంటుందే తప్ప సాగదు. వానలకు చెక్క ఉబ్బి సందు ఇరుకైనప్పుడు నింపితే, ఎండలు రాగానే ఆ సరుకు సాగలేక చినుగుతుంది లేదా ఒక పక్క ఊడి వస్తుంది. పొడి వాతావరణంలో, వారం రోజులుగా వాన లేనప్పుడు పనికి దిగండి.

గాలి దారి పట్టుకోవడం

పాత రాతి గోడ లోపల అంతా గట్టి రాయే ఉంటుందనుకోకండి. బయట ఒక వరస, లోపల ఒక వరస పెద్ద రాళ్లు ఉంటాయి. నడుమ చిన్న రాళ్లూ, సున్నమూ, మట్టీ కలిపి పోసి ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ నడిమి సరుకు కుంగి బోలు ఏర్పడుతుంది. గాలి బయట ఎక్కడో దూరి, ఆ బోలులో పాకి, మీ కిటికీ పక్కన లోపలికి వస్తుంది. లోపల గాలి తగిలేచోట ఎంత మూసినా పక్క సందు నుంచి మళ్లీ రావడం అందుకే. బయట దూరే చోటును కూడా వెతకాలి.

గాలి గట్టిగా వీచే రోజును ఎంచుకోండి. పొయ్యీ, మంట పెట్టే హీటరూ ఆర్పేసి, తలుపులు, కిటికీలు మూసి, వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయండి. ఇల్లు బయటి గాలిని లోపలికి లాక్కోవడం మొదలుపెడుతుంది. వెలిగించిన అగరుబత్తిని గోడకు వేలెడు దూరంలో పట్టుకుని చట్రం వెంట నెమ్మదిగా జరపండి. పొగ నిటారుగా లేస్తే అక్కడ సందు లేదు. ఒక్కసారిగా పక్కకు ఒరిగినా, చిందరవందరైనా అక్కడే ఆగండి. పరదాలు, కాగితాలు దగ్గర లేకుండా చూసుకోండి. అగరుబత్తి లేకపోతే తడిపిన చేతి వెనకభాగం చాలు, సన్నటి గాలి కూడా తెలుస్తుంది. రాత్రిపూట ఒకరు బయట టార్చి పట్టుకుని చట్రం చుట్టూ వేస్తే, లోపల చీకట్లో నిలుచున్నవారికి తిన్నగా ఉన్న సందులు వెలుగు గీతల్లా కనిపిస్తాయి. వంపులు తిరిగి వచ్చే గాలి మాత్రం టార్చికి దొరకదు, దానికి పొగే కావాలి.

దొరికిన ప్రతి చోటా సుద్దముక్కతో గుర్తు పెట్టి, పక్కనే సందు వెడల్పు రాయండి. సరుకు ఎంచుకునేటప్పుడు ఆ అంకెలే కావాలి.

మూయకూడని కంతలు

ఈ భాగం చదవకుండా దాటవేయకండి. గ్యాస్ పొయ్యి, కట్టెల పొయ్యి, మంటతో పనిచేసే హీటర్ ఉన్న గదికి గాలి అందించే రంధ్రాలను ఎట్టి పరిస్థితుల్లోనూ మూయకూడదు. గాలి చాలక మంట సరిగా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగూ వాసనా ఉండవు, ప్రాణం తీస్తుంది. అలాంటి గదిలో సందులు మూసే ముందు గాలి రాకకు వేరే ఏర్పాటు ఉందో లేదో నిపుణుడితో చూపించి, కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టండి.

కిటికీ గడప అడుగున ముందు అంచుకు దగ్గరగా సన్నటి గాడి ఉంటుంది. వాన నీరు గోడ మీదికి పాకకుండా చుక్కలుగా రాలడానికే దాన్ని చెక్కారు. అది సందు కాదు, అందులో ఏమీ నింపకండి. చట్రం అడుగున నీరు బయటికి పోయే చిన్న రంధ్రాలున్నా అంతే. చూరు దగ్గర వాసాల నడుమ గాలి ఆడే ఖాళీలు కప్పును పొడిగా ఉంచుతాయి, వాటిని వదిలేయండి. గబ్బిలాలు కనిపిస్తే పని ఆపి, మీ ప్రాంతపు వన్యప్రాణి నిబంధనలు కనుక్కోండి. కొన్ని దేశాల్లో వాటి గూళ్లను కదిలించడం నేరం.

చెక్కను పరీక్షించడం, సందును శుభ్రం చేయడం

కుళ్లిన చెక్క చుట్టూ ఎంత చక్కగా మూసినా ప్రయోజనం లేదు. రాయికి ఆనుకున్న అంచును సన్న స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. గట్టి చెక్కలో మొన దిగదు. మెత్తగా దిగి, చెక్క చిన్న చిన్న ఘనాలుగా విరుగుతుంటే కుళ్లు పట్టినట్టే. తేమ మీటర్ దొరికితే 20 శాతం కంటే తక్కువ చూపాలి. అంతకు మించి ఉంటే తేమ ఎక్కడి నుంచి వస్తోందో ముందు తేల్చండి. పగిలిన గొట్టం, కారే చూరు, గోడ అడుగున ఎత్తు పెరిగిన నేల వంటివి సరిచేసి, చెక్క ఆరాక తిరిగి రండి.

పాత సిమెంటు పూత, ఎండిపోయిన లప్పం, సాలెగూళ్లు, దుమ్ము అన్నీ తీసేయాలి. సన్న ఉలి, కొక్కెంలా వంచిన కమ్మి, గట్టి బ్రష్ చాలు. రాతి అంచులు ఎగిరిపోకుండా ఉలిని రాయి వైపు కాక గార వైపు వాల్చి కొట్టండి. రాతి ధూళి ఊపిరితిత్తులకు హానికరం కాబట్టి మంచి మాస్కు తప్పదు. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది, వాటిని పొడిగా గీకకుండా తడిపి తీయండి. చట్రం వెనక కరెంటు తీగలు ఉన్నాయేమో కూడా చూసుకోండి.

చివరగా వాక్యూమ్ క్లీనర్ గొట్టంతో సందు లోతుల్లోంచి దుమ్ము లాగేయండి. ఎంత ఖరీదైన సీలెంట్ (సందులో పూస్తే ఆరి సాగే మూతగా మారే ముద్ద) అయినా దుమ్ముకు అంటుకుంటే దుమ్ముతోపాటే ఊడుతుంది. ఈ పనికి పెట్టే సమయంలో సగం శుభ్రానికే పోయినా దండగ కాదు.

సందు వెడల్పును బట్టి సరుకు

6 మిల్లీమీటర్ల లోపు సన్న సందుకు సాగే గుణమున్న సీలెంట్ ఒక్కటే సరిపోతుంది. ఇక్కడ సిలికాన్ గురించి ఒక మాట. వెనిగర్ వాసన వచ్చే రకం ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది. అది సున్నపురాయినీ, పాలరాతినీ, సున్నపు గారనూ తింటుంది. పైగా గుల్లగా ఉండే రాళ్లలోకి సిలికాన్ నూనె ఇంకి, చుట్టూ నల్లటి మరక తేలుతుంది. రంగు కూడా దాని మీద నిలవదు. ఆరేటప్పుడు ఆ ఆమ్లాన్ని వదలని తటస్థ రకం, రాతికి మరక పట్టదని డబ్బా మీద రాసి ఉన్నది తీసుకోండి, లేదా రంగు వేయదగిన హైబ్రిడ్ పాలిమర్ సీలెంట్ వాడండి. ముందుగా కనపడని మూల రాయి మీద కొంచెం పూసి కొన్ని రోజులు చూడండి.

6 నుంచి 25 మిల్లీమీటర్ల వరకు ఉన్న సందుకు లోపల మెత్తటి దన్ను, పైన మూత అని రెండు పొరలు కావాలి. దన్నుగా బ్యాకర్ రాడ్ అనే నురుగు తాడు వాడవచ్చు, నార వాడవచ్చు. రాతి అంచు ఎగుడుదిగుడుగా ఉన్నచోట నాకు నారే ఇష్టం. నురుగు తాడు గుండ్రంగా, ఒకే మందంతో ఉంటుంది. రాతి గుంటల్లోకి నార ఒదిగినట్టు అది ఒదగదు.

25 మిల్లీమీటర్లు దాటితే ఆ ఖాళీని సీలెంట్‌తో నింపాలనుకోవద్దు. రాయి వైపు నుంచి చిన్న రాతి చిప్పలూ సున్నపు గారా కట్టి సందును 8–15 మిల్లీమీటర్లకు తగ్గించి, ఆ తర్వాత పై పద్ధతిలో మూయాలి.

నార దట్టించడం

జనపనార గానీ, జనుము నార గానీ, గొర్రె ఉన్ని గానీ తీసుకోండి. ఉన్ని అయితే పురుగు పట్టకుండా బోరాక్స్‌తో శుద్ధి చేసినది కావాలి. చెక్క పడవల పలకల నడుమ నార దట్టించే పద్ధతే ఇది. గుప్పెడు నారను విడదీసి, సందు కంటే రెండింతల లావున వదులుగా పేనండి. బిగువుగా పేనితే తాడవుతుంది, నొక్కినా ఒదగదు.

ఒక కొసను సందు పైభాగంలో పెట్టి, చదునైన చెక్క బద్దతో లోపలికి నొక్కండి. ఆపైన రెండు అంగుళాలు వదిలి మళ్లీ నొక్కండి. నడుమ మిగిలిన వదులు భాగాన్ని ఆ తర్వాత నొక్కితే మడత పడి దానంతట అదే బిగుస్తుంది. ఇలా మడతలు వేసుకుంటూ కిందికి రండి. రాతిలో గుంట వచ్చినచోట చిటికెడు నార అదనంగా పెట్టండి, ఉబ్బు వచ్చినచోట తగ్గించండి. వేలితో నొక్కితే కొంచెం లోపలికి పోయి తిరిగి లేవాలి. రాయిలా గట్టిపడితే మరీ ఎక్కువ కూరారు. సుత్తితో బాదితే చట్రమే పక్కకు జరిగి తలుపు పట్టేస్తుంది, కాబట్టి చేతి బలంతో ఆగండి. మధ్యమధ్యలో తలుపు తెరిచి మూసి చూస్తూ ఉండండి.

పై మూత కోసం ముందుభాగంలో కొంత లోతు ఖాళీ వదలాలి. సీలెంట్ వేయబోతుంటే, దాని లోతు సందు వెడల్పులో సగం ఉండేలా చూడండి, 6 మిల్లీమీటర్లకు మాత్రం తగ్గకూడదు. సీలెంట్ రాయికీ చెక్కకూ మాత్రమే అంటుకోవాలి. వెనకకూ అంటుకుంటే మూడు వైపులా బిగుసుకుపోయి సాగలేక చినుగుతుంది. నార మీదికి సీలెంట్ ఇంకి అంటుకోవచ్చు కాబట్టి, ముందు సన్నటి నురుగు తాడు గానీ అంటుకోని టేపు గానీ పెట్టి, ఆ పైన వేయండి. నురుగు తాడు సందు వెడల్పు కంటే పాతిక శాతం లావుగా ఉండాలి. దాన్ని మొండి పరికరంతో నొక్కండి. మొన తగిలి గుచ్చుకుంటే లోపలి గాలి బయటికొచ్చి సీలెంట్‌లో బుడగలు లేస్తాయి.

పొగగొట్టానికి దగ్గరగా ఉన్న సందుల్లో మాత్రం నార, ఉన్ని, నురుగు ఏవీ పెట్టకండి. అక్కడ మండని రాతి ఉన్ని వాడాలి.

సున్నపు గార

పాత గోడలో రాళ్ల నడుమ ఉన్నది సున్నమైతే మీరు పెట్టేదీ సున్నమే కావాలి. సిమెంటు గట్టిగా, దట్టంగా ఉంటుంది. గోడలోని తేమ దాన్ని దాటలేక పక్కనున్న చెక్కలోకి మళ్లుతుంది. చెక్క చుట్టూ సిమెంటు కట్టిన చోట కుళ్లు త్వరగా పట్టడానికి ఇది ముఖ్య కారణం. సున్నపు గార తేమను తనలోంచి పోనిస్తుంది.

ఈ పనికి 3.5 అంకె ఉన్న సహజ హైడ్రాలిక్ సున్నం (నీటితో కలిసి గట్టిపడే రకం) సాధారణంగా సరిపోతుంది. ఆ అంకె 28 రోజులకు అది కనీసం ఎంత బలం తెచ్చుకోవాలో చెబుతుంది. మెత్తటి రాయికి 2 అంకె రకం మేలు. ఒక పాలు సున్నానికి రెండున్నర నుంచి మూడు పాళ్ల గరుకు ఇసుక కలపండి. ఇసుకలో పెద్ద రేణువు సందు వెడల్పులో మూడో వంతుకు మించకూడదు. ముద్ద తాపీకి అంటుకుని నిలవాలి, జారకూడదు. సున్నం చర్మాన్నీ కళ్లనూ కాలుస్తుంది కాబట్టి చేతితొడుగులు, కళ్లద్దాలు పెట్టుకోండి. కంట్లో పడితే వెంటనే ధారాళంగా నీళ్లతో కడిగి, వైద్యుడి దగ్గరికి వెళ్లండి.

రాతిని ముందు బాగా తడపండి. పొడి రాయి గారలోని నీటిని పీల్చేస్తే అది పొడిపొడిగా రాలుతుంది. ఒక్కో దఫా 15–20 మిల్లీమీటర్లకు మించి మందం పెట్టకుండా, కింది పొర గట్టిపడ్డాక పైది వేయండి. ఎదురెండలోనూ, 5 డిగ్రీల కంటే చల్లని వాతావరణంలోనూ ఈ పని వద్దు. తడి గోనెపట్టా కప్పి కొన్ని రోజులపాటు నెమ్మదిగా ఆరనివ్వాలి.

సున్నమైనా, సిమెంటైనా చెక్క అంచుకు నేరుగా ఆనితే గీత పడక తప్పదు. కాబట్టి గార పెట్టే ముందు 8 మిల్లీమీటర్ల మందం బద్దకు ప్లాస్టిక్ టేపు చుట్టి చట్రానికి ఆనించి పెట్టండి. గారను ఆ బద్ద వరకు నింపండి. బొటనవేలితో నొక్కితే గుంట పడని స్థితికి వచ్చాక బద్దను మెల్లగా లాగేయండి. రాతికీ చెక్కకూ నడుమ తిన్నటి గాడి మిగులుతుంది. గార ఆరాక ఆ గాడిలో పైన చెప్పినట్టు దన్ను పెట్టి సీలెంట్ వేయండి. రాతి అంచు ఎంత వంకరగా ఉన్నా, చెక్క ఎంత కదిలినా ఇక ఆ గాడే సర్దుకుంటుంది. ఇంత పనిలో నేను అన్నింటికంటే విలువిచ్చేది ఈ చిన్న బద్దకే.

బయటి వైపు గాడికి పాత పద్ధతి ఒకటుంది. బాగా ఎండిన సన్న ఇసుకలో మరిగించిన అవిసె నూనె కలిపి, తడిసిన మట్టిలా గట్టిగా ఉండే ముద్ద చేసి నొక్కుతారు. పైన పొర కట్టినా లోపల చాలా కాలం మెత్తగానే ఉంటుంది. రాతికి నూనె మరక పట్టే ప్రమాదం ఉంది కాబట్టి ముందు పరీక్షించండి. నూనె తుడిచిన గుడ్డలను ఉండగా చుట్టి పడేయవద్దు. అవి తమంతట తామే వేడెక్కి అంటుకుంటాయి. బయట పరిచి ఆరబెట్టండి లేదా నీళ్లలో ముంచి ఉంచండి.

గోడ వంకరను బద్ద మీదికి దించడం

లోపలి వైపు సందు కనిపించకుండా పైన చెక్క బద్ద వేయాలనుకుంటే, దాని అంచు గోడ వంకరకు సరిపోయేలా కోయాలి. బద్దను తిన్నగా నిలబెట్టి, గోడకు వీలైనంత దగ్గరగా చిన్న మేకులతో తాత్కాలికంగా నిలపండి. కంపాస్‌ను అన్నింటికంటే వెడల్పైన ఖాళీ అంత తెరిచి బిగించండి. మొనను రాతి వెంట, పెన్సిల్‌ను బద్ద మీద నడుపుతూ పై నుంచి కిందికి రండి. కంపాస్‌ను ఎప్పుడూ అడ్డంగా సమంగానే పట్టుకోవాలి. రాతి ముఖం ఎటు తిరిగితే అటు తిప్పితే గీత తప్పుతుంది.

గీత వెంట జిగ్‌సాతో గానీ సన్న బ్లేడు రంపంతో గానీ కోయండి. బ్లేడును కొంచెం వాల్చి, వెనక అంచు ముందు అంచు కంటే లోపలికి ఉండేలా కోస్తే ముందు అంచు ఒక్కటే రాతికి తగులుతుంది. అప్పుడు ఆకురాయితో సరిచేయడం తేలిక. బద్ద వెనక సన్నటి ఉన్ని పట్టీ అతికించి, చట్రానికి మాత్రమే మేకులు కొట్టండి. రాతికి కూడా బిగిస్తే చెక్క కదిలినప్పుడు బద్ద పగులుతుంది.

దూలాల కొసలు

గోడలోకి దూరిన దూలం కొస ఇంట్లో కుళ్లుకు త్వరగా లోనయ్యే చోటు. దాని చుట్టూ లోపలి వైపు గాలి చొరబాటును ఆపాలి. ఎందుకంటే చలి ప్రదేశాల్లో గదిలోని వెచ్చటి, తేమగాలి ఆ సందులోంచి పోయి చల్లటి కొస మీద నీరుగా మారుతుంది. దూలం ముఖాలకూ గోడ పూతకూ నడుమ సాగే సీలెంట్ వేయండి, లేదా గాలి ఆపే టేపు అతికించండి. దూలంలోనే పొడవునా పడిన పగుళ్లు ఉంటే వాటిగుండా కూడా గాలి పోతుంది. గోడ అంచు దగ్గర ఆ పగుళ్లను కూడా మూయాలి. గోడ లోపల కొస చుట్టూ ఉన్న ఖాళీని మాత్రం నింపకండి. బయట ఉక్కపోత, లోపల ఏసీ ఉండే చోట తేమ బయటి నుంచి లోపలికి ప్రయాణిస్తుంది. అక్కడ బయటి వైపు మూతను మరింత శ్రద్ధగా వేయాలి.

ఫోమ్ గురించి

డబ్బాలోంచి ఉబ్బుతూ వచ్చే పాలీయురేథేన్ ఫోమ్ అయిదు నిమిషాల్లో పని ముగిస్తుంది. అందుకే అందరూ దానివైపే చూస్తారు. రాతి గోడకూ పాత చెక్కకూ నడుమ దాన్ని వాడవద్దనే నా గట్టి సలహా. మామూలు రకం ఆరాక బిరుసెక్కి చెక్క కదలికకు విడిపోతుంది. ఉబ్బేటప్పుడు చట్రాన్ని వంచగలదు. ఎండ తగిలితే పసుపెక్కి పొడిగా రాలుతుంది, మండుతుంది కూడా. చెక్కకు అతుక్కుని ఆ పక్క తేమ ఆరనివ్వదు. అన్నింటికీ మించి, తీయాలంటే రాతి గుంటల్లోంచి ముక్కముక్కగా గీకాలి. నార అయితే కొక్కెంతో లాగితే వచ్చేస్తుంది, చెక్కకు గీత కూడా పడదు.

పని అయ్యాక

సీలెంట్ పూర్తిగా ఆరాక మళ్లీ గాలి వీచే రోజున అగరుబత్తి పట్టుకుని అదే దారిలో తిరగండి. పెద్ద సందు మూశాక ఇదివరకు తెలియని చిన్న సందులు బయటపడతాయి, వాటినీ గుర్తుపెట్టి మూయండి. కిటికీ అద్దాల మీద ఉదయం పూట నీరు పట్టడం ఎక్కువైతే ఇంట్లో గాలి మార్పిడి తగ్గిందని అర్థం. వంటగదిలో, స్నానాలగదిలో ఫ్యాన్ ఎక్కువసేపు నడపండి. ఏడాదిలో వాతావరణం బాగా పొడిగా ఉన్న వేళ ఒకసారి, బాగా తేమగా ఉన్న వేళ ఒకసారి గాడి వెంట వేలితో తడిమి చూడండి. ఒక పక్క అంచు లేచిన చోట ఆ ముక్క వరకు కోసి తీసి, దుమ్ము లాగేసి, మళ్లీ వేస్తే చాలు.